ప్రాంతీయ కథల పోటీ పెట్టాలనుకుంటే ముందు చదివేవాళ్లను వెతకండి

పోటీ పెడదామన్న ఆలోచన వచ్చిన మర్నాడే చాలామంది చేసే పని కరపత్రం రాయించడం. బహుమతులు, చివరి తేదీ, ముఖ్య అతిథి పేరు అన్నీ అందులో ఉంటాయి. వచ్చిన రచనలు ఎవరు చదువుతారన్నది మాత్రం "ఎవరో ఒకరు చూస్తార్లే" దగ్గర ఆగిపోతుంది. నేను చేయి పెట్టిన మొదటి పోటీలోనూ అదే జరిగింది. గడువు ముగిసేసరికి అట్టపెట్టెల నిండా కవర్లు. చదవాల్సింది ఇద్దరం, చేతిలో ఉన్నది పది రోజులు. ఆఖరి రాత్రి ఒక్కో కథకు మొదటి పేజీ, చివరి పేరా చూసి మార్కులు వేశాం. ఎవరికీ తెలియలేదు. బహుమతులు వచ్చినవాళ్లు సంతోషపడ్డారు, సభ బాగా జరిగింది. ఆ పెట్టెల్లో మేం తిప్పని పేజీల్లో ఏముందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని కింద చెప్పే పద్ధతంతా ఒకే పట్టుదల మీద నడుస్తుంది. వచ్చిన ప్రతి రచననూ కనీసం ఇద్దరు చివరిదాకా చదవాలి. మిగతా ఏర్పాట్లన్నీ దానికి లొంగాల్సిందే.

1. చదివే గంటల లెక్క

కరపత్రం కన్నా ముందు కాగితం మీద ఈ లెక్క వేయండి. వెయ్యి మాటల కథ శ్రద్ధగా చదవడానికి ఏడెనిమిది నిమిషాలు. చదివాక కాస్త ఆలోచించి రెండు ముక్కలు రాసుకుంటే మొత్తం పది నిమిషాలు. 300 రచనలు వచ్చాయనుకుందాం. ఒక్కోదాన్నీ ఇద్దరు చదివితే 600 చదువులు, 6,000 నిమిషాలు. అంటే 100 గంటలు.

ఐదుగురు చదివితే తలా 20 గంటలు. ఉద్యోగమూ ఇల్లూ ఉన్న మనిషి రోజుకు గంటకు మించి చదవలేడు. చదివినా ఆరో కథ దాటాక కళ్లు కాగితం మీద ఉంటాయి గానీ మనసు ఉండదు. కాబట్టి 20 రోజులు. మధ్యలో జ్వరాలు, ప్రయాణాలు, ఇంటి పనులు కలిపితే నెల. తుది వడపోతకు ఇంకో మూడు వారాలు. మొత్తం మీద చివరి తేదీకీ ఫలితాలకూ మధ్య రెండు నెలలు ఉండాలి. "పది రోజుల్లో ఫలితాలు" అని ప్రకటించిన పోటీ కనిపిస్తే, అక్కడ చదవడం సరిగా జరగదని నేను ముందే అనుకుంటాను.

లెక్క కుదరకపోతే చదువరులను పెంచాలి, ఒక్కొక్కరు ఒక్క రచనే పంపాలని కట్టడి పెట్టాలి, లేదా నిడివి తగ్గించాలి. మూడోది అన్నిటికన్నా తేలిక. బీబీసీ పిల్లల కోసం నడిపే పోటీ పేరే '500 వర్డ్స్'. హద్దు పేరులోనే ఉంది, ఎవరూ మరిచిపోరు. కామన్వెల్త్ కథల పోటీ 2,000 నుంచి 5,000 మాటల దాకా తీసుకుంటుంది గానీ, అక్కడ ఒక్కో ప్రాంతానికి ఒక న్యాయనిర్ణేతా, వాళ్లకంటే ముందు వడపోసే చదువరుల బృందమూ ఉంటారు. అంత బలగం లేనివాళ్లు అంత నిడివి జోలికి పోకూడదు.

చదువరులు రచయితలే కానక్కర్లేదు. నా అనుభవంలో మొదటి వడపోతకు మంచి పాఠకులే మేలు. ఏళ్ల తరబడి కథలు చదివే గృహిణి, గ్రంథాలయానికి రోజూ వచ్చే పెద్దమనిషి, పుస్తకం వదలని డిగ్రీ విద్యార్థి ఎవరైనా సరే. రచయితలు తమలా రాసినవాళ్లనే మెచ్చుకునే ప్రమాదం ఉంది. పాఠకులకు ఆ జబ్బు తక్కువ.

2. 'ప్రాంతం' అంటే ఎక్కడిదాకా

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ప్రకటన వెలువడిన మొదటి రోజే ఫోన్లు మొదలవుతాయి. "మేం అక్కడే పుట్టాం, ఇప్పుడు వేరేచోట ఉన్నాం, పంపొచ్చా?" "మా ఊరు గట్టు అవతల, బడి మాత్రం ఇవతల, మరి మా పాప?" పుట్టినవాళ్లా, ఉంటున్నవాళ్లా, చదువుకుంటున్నవాళ్లా, పని చేస్తున్నవాళ్లా, వీళ్లలో ఎవరెవరు అర్హులో ఒకే వాక్యంలో తేల్చండి. నేనైతే నలుగురినీ రానిస్తాను. వలస వెళ్లినవాళ్లు వదిలిన ఊరి గురించి రాసే కథలు తరచూ బాగుంటాయి. కాకపోతే దానికి తగ్గట్టు లెక్కలో రచనల సంఖ్య పెంచుకోవాలి.

3. వయసులు, విభాగాలు

'పిల్లలు', 'పెద్దలు' అని రెండే బుట్టలు పెడితే తొమ్మిదేళ్ల పాప పదిహేడేళ్ల కుర్రాడితో తలపడాల్సి వస్తుంది. 1883లో మొదలై నేటికీ నడుస్తున్న కామన్వెల్త్ వ్యాసరచన పోటీ బడిపిల్లల్లోనే 14 ఏళ్ల దగ్గర ఒక గీత గీస్తుంది. మన పోటీలో ఇంకా చిన్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి 8–10, 11–13, 14–17 అని మూడు జట్లు, 18 దాటినవాళ్లు నాలుగో జట్టు అనుకుంటే చాలావరకు న్యాయంగా ఉంటుంది. వయసు ఏ తేదీ నాటికి లెక్కించాలో కూడా రాయండి. చివరి తేదీ నాటికి అంటే గొడవ ఉండదు.

కథ, కవిత ఒకే తక్కెడలో తూగవు. రెండూ కావాలంటే రెండు విభాగాలు, ఇద్దరు వేర్వేరు న్యాయనిర్ణేతలు కావాలి. మొదటి ఏడాది ఒక్క కథతో ఆగితే మంచిది. కవితల విభాగం పెట్టి తీరాలనుకుంటే పంక్తుల హద్దు తప్పనిసరి. బ్రిటన్‌లో నడిచే బ్రిడ్‌పోర్ట్ పోటీవాళ్లు కవితకు 42 పంక్తుల దగ్గర గీత గీశారు, మీరు ముప్పై అన్నా తప్పులేదు.

పెద్దల జట్టులో ఇంకో చిక్కు ఉంది. పత్రికల్లో ఇప్పటికే అచ్చయినవాళ్లు, జీవితంలో మొదటిసారి కథ రాసినవాళ్లు ఒకే చోట పడతారు. కొత్తవాళ్లు మొదటి ఏడాదే నిరుత్సాహపడి మళ్లీ రారు. అందుకని ఇంతవరకు ఎక్కడా అచ్చుకాని రచయితకు విడిగా ఒక బహుమతి ఉంచండి. దరఖాస్తులో ఒక గడి పెడితే సరిపోతుంది.

4. నిడివి: మాటలా, పేజీలా?

ఇంగ్లీషు పోటీల నిడివిని తెలుగులోకి అలాగే దించుకోకండి. 'వెళ్లిపోవాలనుకుంటున్నాడేమో' అన్నది మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో అదే భావానికి ఆరేడు మాటలు పడతాయి. అక్కడి 500 మాటల కథ తెలుగులో మూడొందల పైచిలుకుతో అయిపోవచ్చు. పైగా చేత్తో రాసిన కథలో మాటలు లెక్కపెట్టే ఓపిక రాసినవాళ్లకూ ఉండదు, మీకూ ఉండదు.

గీతల కాగితం మీద ఒక పేజీకి ఇరవై పైచిలుకు పంక్తులు, పంక్తికి ఐదారు మాటలు చొప్పున, సుమారు 120 మాటలు పడతాయి. దాన్నిబట్టి 8–10 ఏళ్లవాళ్లకు రెండు పేజీలు, 11–13 వాళ్లకు నాలుగు, 14–17 వాళ్లకు ఆరు, పెద్దలకు 1,000 మాటలు అనండి. టైపు చేసి పంపేవాళ్లకు మాటల్లో, రాసి పంపేవాళ్లకు పేజీల్లో రెండు హద్దులూ చెప్పండి. ఇరవై మాటలు ఎక్కువైందని మంచి కథను పక్కన పెట్టేవాళ్లను నేను చూశాను. అంత పట్టింపు అక్కర్లేదు. పదో వంతు దాకా మినహాయింపు ఉంటుందని నియమాల్లోనే రాసేస్తే అందరికీ ఒకే న్యాయం.

5. ఇతివృత్తం ఇవ్వాలా వద్దా

పెద్దలకు ఇవ్వకండి. పిల్లలకు ఇవ్వండి, కానీ ఎలాంటిది ఇస్తున్నారో చూసుకోండి. 'పర్యావరణ పరిరక్షణ', 'మాతృభాష గొప్పదనం', 'నా దేశం' లాంటివి ఇస్తే మీకు వచ్చేవి కథలు కావు, బడి వ్యాసాలు. అన్నీ ఒకే చెట్టు నరికివేతతో మొదలై ఒకే ప్రతిజ్ఞతో ముగుస్తాయి. నూట యాభై చెట్లు పడ్డాక న్యాయనిర్ణేతకు చెట్ల మీదే విసుగొస్తుంది.

పిల్లల మనసు కదిలేది వస్తువు దగ్గర, లేదా ఏదో తేడా జరిగిన చోట. 'ఇంట్లో ఒక తలుపు ఇవాళ తెరుచుకోలేదు.' 'నాకు దొరికిన తాళంచెవి ఎవరిదో తెలియదు.' 'మా తాతయ్య దాచిన ఉత్తరం.' 'బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లకు నీడ లేదు.' ఇలాంటి వాక్యం ఇస్తే ఎనిమిదేళ్ల పిల్ల కూడా తరవాత ఏం జరిగిందో చెప్పడం మొదలుపెడుతుంది. మూడు వాక్యాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమనండి. మీరు అనుకున్న వాక్యాన్ని ముందు ఇంట్లో ఉన్న పిల్లల మీద పరీక్షించండి. "ఆ తర్వాత?" అని వాళ్లు అడిగితే పనికొస్తుంది. "ఎన్ని మార్కులు?" అని అడిగితే మార్చండి.

6. నియమాలు ఒక్క పేజీలో

నియమాలు పొడుగైతే ఎవరూ చదవరు, పొట్టిగా ఉంటే గొడవలొస్తాయి. కింది వాక్యాలు ఇలాగే వాడుకోవచ్చు, మీ అవసరానికి మార్చుకోండి.

"రచన సొంతది, ఎక్కడా ప్రచురితం కానిది అయి ఉండాలి. సామాజిక మాధ్యమాల్లో పెట్టినా ప్రచురించినట్టే లెక్క. ఒక్కొక్కరు ఒక్క రచనే పంపాలి. రచన ఉన్న కాగితం మీద పేరు, బడి, ఊరు ఉండకూడదు. ఆ వివరాలు విడి దరఖాస్తులోనే రాయాలి. నిర్వాహకుల, న్యాయనిర్ణేతల కుటుంబసభ్యులు అనర్హులు. 18 ఏళ్లలోపు వారి దరఖాస్తు మీద తల్లి, తండ్రి లేదా సంరక్షకుల సంతకం ఉండాలి. రచన మీద హక్కులు రచయితవే. బహుమతి పొందిన రచనలను పోటీ సంకలనంలో ఒకసారి అచ్చువేసుకునే అనుమతి మాత్రం నిర్వాహకులకు ఉంటుంది."

ఆ చివరి రెండు వాక్యాల గురించి కొంచెం చెప్పాలి. "పోటీకి వచ్చిన రచనల సర్వహక్కులూ నిర్వాహకులవే" అని రాసే అలవాటు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఎవరో రాసినదాన్ని చూసి ఇంకొకరు దించుకుంటూ వచ్చారు తప్ప అందులో అవసరం లేదు. 1886లో మొదలై తర్వాత సవరణలు పొందిన బెర్న్ ఒప్పందం (రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్నది) మేరకు చాలా దేశాల్లో రచన పుట్టగానే హక్కు రచయితకు దఖలుపడుతుంది, నమోదు అక్కర్లేదు. బహుమతి రాని రచన మీద కూడా హక్కు లాక్కుంటే, ఆ కథను రచయిత ఇంకో పత్రికకు పంపుకోలేడు. తెలిసిన రచయితలు ఆ వాక్యం చూడగానే పంపడం మానేస్తారు. తెలియనివాళ్లు నష్టపోతారు.

"తగిన రచన లేకపోతే బహుమతి ఇవ్వకపోవచ్చు" అన్న నియమం పెద్దల జట్టులో ఉంచండి. పిల్లల జట్టులో వద్దు. ఎనిమిదేళ్లవాళ్లలో ఎవరూ తగరని తేల్చే న్యాయనిర్ణేత ఉంటే ముందు అతణ్ని మార్చాలి.

ప్రవేశ రుసుము పిల్లల నుంచి తీసుకోకండి.

7. రచనలు అందుకోవడం, నంబరు వేయడం

చేతిరాత ప్రతులూ, టైపు చేసినవీ రెండూ తీసుకోండి. ఒక్క మెయిలే అంటే చేత్తో రాసే పెద్దవాళ్లనూ, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలనూ గుమ్మం బయట ఆపినట్టే. టైపు చేసి పంపేవాళ్లను యూనికోడ్‌లో పంపమనండి. డీటీపీ కేంద్రాల్లో పాత ఫాంట్లతో కొట్టించిన ఫైలు మీ దగ్గర తెరిస్తే అడ్డదిడ్డం గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు తారుమారవుతాయి. అలాంటివాళ్లు ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా పంపితే సమస్య తీరుతుంది. ఫోన్‌లో మాట్లాడి టైపు చేయించినవి కూడా వస్తాయి. చుక్కలూ కామాలూ లేకుండా ఒకే వాక్యంలా సాగుతాయి. విసుక్కోకండి, అందులో ఒక్కోసారి మంచి గొంతు ఉంటుంది.

రచన చేరగానే ఒక నంబరు వేయండి. నంబరుకూ పేరుకూ ఉన్న పట్టిక ఒకే ఒక్క మనిషి దగ్గర ఉండాలి, ఆ మనిషి మార్కులు వేయకూడదు. ఫైలు పేరులో రచయిత పేరు ఉంటే మార్చండి. ఫైలు వివరాల్లో కూడా పేరు దాక్కుని ఉంటుంది, అదీ తీసేయండి. అందిందని మర్నాటికల్లా రెండు ముక్కల సమాధానం పంపండి. అది పంపకపోతే "చేరిందా?" అన్న ఫోన్లకే రోజంతా పోతుంది.

ఇంకో మాట. నా అనుభవంలో సగానికి పైగా రచనలు ఆఖరి మూడు రోజుల్లోనే వచ్చాయి. మొదటి నెలలో నలభై కూడా రాలేదని భయపడి గడువు పొడిగించకండి. పొడిగిస్తే సమయానికి పంపినవాళ్లకు అన్యాయం. పైగా జనం ఆ కొత్త గడువుకీ ఆఖరి మూడు రోజుల్లోనే పంపుతారు.

8. యాస తప్పు కాదు

ప్రాంతీయ పోటీకి అర్థమే ఆ ప్రాంతపు మాట వినిపించడం. కానీ ఎర్ర పెన్నుతో చదివే అలవాటున్న న్యాయనిర్ణేత చేతిలో పడితే 'పోయిండు', 'ఎల్పోనాడు', 'వచ్చినాడు' అన్నీ తప్పుల కింద జమ అవుతాయి. పాత్రల సంభాషణ మాత్రమే కాదు, కథనం కూడా మాండలికంలో సాగవచ్చు. చదువరులందరినీ ఒక పూట కూర్చోబెట్టి, గత ఏడాదివో బయటివో నాలుగు కథలు చదివించి, ఎవరికి ఏది ఎందుకు నచ్చిందో మాట్లాడుకోనివ్వండి. ఈ ఒక్క పూట మార్గదర్శక సూత్రాల పత్రం కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఒకరు తప్పన్నదాన్ని ఇంకొకరు అందం అన్నప్పుడే ఇద్దరూ మళ్లీ చదువుతారు.

యాస వేరు, అజాగ్రత్త వేరు. ఒకే పాత్ర ఒక వాక్యంలో 'వస్తాండు' అని మరుసటి వాక్యంలో 'వస్తున్నారు' అంటే అది యాస కాదు, రచయిత చెవి పెట్టలేదని.

పిల్లల రచనల్లో అక్షరదోషాలకు మార్కులు తగ్గించకండి. చేతిరాతకు మార్కులు పెంచకండి. అందమైన దస్తూరీ న్యాయనిర్ణేతను తెలియకుండానే మోసం చేస్తుంది. తుది జాబితాకు చేరిన పిల్లల కథలను ఒకరి చేత, తప్పులతో సహా ఉన్నదున్నట్టు, టైపు చేయించి పంపితే ఆ తేడా పోతుంది. బడి పంతులే న్యాయనిర్ణేత అయితే తన పిల్లల దస్తూరీ గుర్తుపట్టే ఇబ్బందీ తప్పుతుంది.

9. మార్కులు కూడకండి

మొదటి వడపోతలో అసలు మార్కులే వద్దు. 'ఉంచాలి', 'వద్దు', 'మళ్లీ చూడాలి' అని మూడు దొంతరలు చాలు. ఇద్దరిలో ఒక్కరు 'ఉంచాలి' అన్నా ఆ రచన ముందుకు వెళ్లాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే ముందుకు అంటే, ఎవరికీ అభ్యంతరం లేని చప్పటి కథలే మిగులుతాయి.

తుది జాబితాలో పదో పదిహేనో కథలుంటాయి. ఇక్కడ ముగ్గురు న్యాయనిర్ణేతలు నూటికి మార్కులు వేసి, వాటిని కూడి, ఎక్కువ వచ్చినదానికి మొదటి బహుమతి ఇవ్వడం వాడుక. అందులో ఉన్న మోసం చూడండి. మొదటి న్యాయనిర్ణేత మూడు కథలకు 90, 60, 50 వేశాడు. రెండో ఆవిడ అదే వరసలో 70, 72, 71. మూడో ఆయన 70, 73, 71. కూడితే మొదటి కథకు 230, రెండోదానికి 205, మూడోదానికి 192. గెలిచింది మొదటి కథ. కానీ ముగ్గురిలో ఇద్దరు దాన్నే అన్నిటికన్నా కింద పెట్టారు! మార్కులు దూరదూరంగా వేసే మనిషి మాటే చెల్లుతుంది, దగ్గరదగ్గరగా వేసేవాళ్ల ఓటు ఆవిరైపోతుంది.

దీనికి విరుగుడు మార్కులు తీసేసి స్థానాలు కూడటం. మొదటి కథకు 1, 3, 3 కలిపి 7. రెండోదానికి 2, 1, 1 కలిపి 4. మూడోదానికి 3, 2, 2 కలిపి 7. తక్కువ వచ్చింది రెండో కథకు, గెలిచింది అదే. సమానంగా వస్తే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ గది బయటికి నిర్వాహకులు కూడా వెళ్లిపోవాలి.

న్యాయనిర్ణేత ఏదైనా కథను ఎవరు రాశారో గుర్తుపడితే చెప్పి పక్కకు తప్పుకోవాలి, ఆ కథను ఇంకొకరు చూస్తారు. చిన్న ప్రాంతంలో ఇది తప్పకుండా జరుగుతుంది. సిగ్గుపడాల్సింది కాదు.

10. పిల్ల రాసిందా, పెద్దవాళ్లు రాశారా, ఏఐ రాసిందా

తొమ్మిదేళ్లవాడి కథలో 'అనిర్వచనీయమైన అనుభూతి' కనిపిస్తే వెనక ఎవరి చెయ్యో ఉందని మనకు తెలిసిపోతుంది. చివర్లో నీతి వాక్యం ఉంటే అది అమ్మదో పంతులుదో అయి ఉంటుంది. కానీ పిల్లను నిలబెట్టి అడగకూడదు. ఏఐ రాసిందో లేదో చెప్తామనే సాధనాలనూ నమ్మకండి. అవి మనుషులు రాసినదాన్ని యంత్రం రాసిందని, యంత్రం రాసినదాన్ని మనుషులు రాశారని చెప్పడం మామూలే. ఆ ఒక్క ఆధారంతో ఎవరినీ తొలగించకండి.

పని చేసే పద్ధతులు రెండే నాకు కనిపించాయి. 8–13 ఏళ్లవాళ్లకు పోటీని అక్కడికక్కడే పెట్టడం మొదటిది. ఒక ఉదయం అందరినీ ఒకచోట చేర్చి, కాగితాలు ఇచ్చి, మొదటి వాక్యం బోర్డు మీద రాసి, గంటన్నర వ్యవధి ఇవ్వాలి. తల్లిదండ్రులకు వేరే గదిలో కుర్చీలు వేయాలి. దూరంగా, బాగా దూరంగా. మొదటి పావుగంట పిల్లలు ఏమీ రాయకుండా పైకప్పు చూస్తారు. కంగారుపడి "రాయండి, రాయండి" అనకండి. పక్కవాళ్లతో గుసగుసలాడినా పట్టించుకోకండి. రాయడం ముగించినవాళ్లు కూర్చోవడానికి బొమ్మల పుస్తకాలున్న మూల ఒకటి ఉంచండి, లేకపోతే వాళ్లు మిగతావాళ్లను రాయనివ్వరు.

రెండోది 14 దాటినవాళ్లకూ పెద్దలకూ పనికొస్తుంది. తుది జాబితాకు వచ్చినవాళ్లు ఫలితాల ముందు ఒకసారి పది నిమిషాలు మాట్లాడాలని నియమాల్లోనే పెట్టండి. "ఈ కథ ముందు ఎలా ముగించాలనుకున్నారు? ఏ భాగం కొట్టేశారు?" అని అడిగితే చాలు. సొంతంగా రాసినవాళ్లు కొట్టేసిన పేరా గురించి చెప్పడం మొదలుపెడితే ఆపలేం. ఏఐ సాయం ఎంతవరకు ఒప్పుకుంటారో కూడా నియమాల్లో ఒక వాక్యం ఉండాలి. అక్షరదోషాలు చూపించుకోవడం వరకు సరే, వాక్యాలు రాయించుకోవడం కుదరదు అని గీయడం నాకు సబబనిపిస్తుంది.

11. ఫలితాలు చెప్పడం

బహుమతి రానివాళ్లకు ముందు చెప్పండి. పత్రికలోనో వాట్సాప్ గుంపులోనో చూసి తెలుసుకోవడం బాధగా ఉంటుంది. ఉత్తరం పొట్టిగా చాలు: "మీ కథను ఇద్దరు చదివారు. ఈసారి బహుమతుల్లోకి రాలేదు." పిల్లలకైతే చదువరి రాసుకున్న మాట ఒకటి చేర్చండి. "కుక్క వర్షంలో నిలబడి గేటు వైపు చూసిన చోటు నాకు గుర్తుండిపోయింది" లాంటిది. "చక్కని ప్రయత్నం" అని మాత్రం రాయకండి. అది చదవకుండా కూడా రాయొచ్చని పిల్లలకు తెలుసు. మొదటి వడపోతలోనే చదువరులు రెండు ముక్కలు రాసుకోవాలన్నది ఇందుకే.

మొదటి బహుమతి చుట్టూ మరీ హడావుడి చేయకండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు దక్కింది రెండో బహుమతి. మొదటిది ఎవరికి వచ్చిందో మన పాఠకుల్లో ఎందరు చెప్పగలరు? 8–10 జట్టులో స్థానాలు ప్రకటించకుండా ఐదుగురికి సమానమైన బహుమతి ఇవ్వడం మేలని నా అభిప్రాయం. దీనితో ఒప్పుకోని తల్లిదండ్రులు ఉంటారు. పిల్లల్లో మాత్రం నాకు ఎవరూ తగల్లేదు.

పిల్లల పేర్లు బయట ప్రకటించేటప్పుడు పేరు, వయసు చాలు. బడి, ఊరు, ఫోటో కలిపి పెడితే ఎవరైనా ఆ పిల్లను వెతుక్కుంటూ రాగలరు. ఫోటో పెట్టాలంటే దరఖాస్తులో విడిగా అనుమతి అడగండి, ఇవ్వకపోయినా బహుమతికి అడ్డు ఉండకూడదు.

12. సభ రోజు

ఉపన్యాసాలు రెండు, ఒక్కోటి ఐదు నిమిషాలు. మిగతా సమయమంతా కథలది. బహుమతి పొందినవాళ్లు తమ కథలోంచి ఒక పేజీ చదవాలి. చదవడానికి బిడియపడే పిల్లల కథను వాళ్లు ఎంచుకున్న మనిషి చదవొచ్చు. మైకు ఎత్తు తగ్గించే మనిషి ఒకరు వేదిక పక్కనే ఉండాలి. చాలా సభల్లో ఎనిమిదేళ్ల పిల్లలు మైకుకు అందక గాలిలోకి చదువుతారు. సంకలనం ఆ రోజుకే సిద్ధం చేయాలని తొందరపడి తప్పులతో అచ్చువేయడం కన్నా, నెల తర్వాత రచయితలకు ప్రూఫు చూపించి వేయడం మంచిది. ప్రూఫులో వాళ్ల యాసను ఎవరైనా 'సరిదిద్దారేమో' వాళ్లే పట్టుకుంటారు.

సభ అయిన వారంలో చదువరులతో ఒక గంట కూర్చోండి. నిజంగా ఎన్ని రచనలు వచ్చాయి, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఏ నియమం మీద ఎక్కువ ఫోన్లు వచ్చాయి, ఏ మొదటి వాక్యం నుంచి మంచి కథలు పుట్టాయి అన్నవి ఒక పుస్తకంలో రాసిపెట్టండి. వచ్చే ఏడాది లెక్క దాంతోనే మొదలవుతుంది. చేతిరాత ప్రతులు అడిగినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి. నంబర్ల పట్టిక, పిల్లల చిరునామాలున్న దరఖాస్తులు సంకలనం చేరవేయడం పూర్తయ్యేదాకా తాళం వేసి ఉంచి, ఆ తర్వాత చించేయండి.